పచ్చళ్ల స్టాల్: ముద్దకీ ప్యాకెట్‌కీ మధ్య నిమిషంన్నర

కొట్టుకి వచ్చేవాళ్లు కొనాలని వస్తారు. ఎగ్జిబిషన్‌కి వచ్చేవాళ్లు చూడ్డానికి వస్తారు. చంకలో పిల్లాడు, భుజాన సంచీ, వెనక నుంచి తోసుకొచ్చే జనం. అలా పోతున్న మనిషి మీ బల్ల దగ్గర ఆగి, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగుందే" అని తలెత్తాక మీకు దొరికేది నిమిషంన్నర. ఆలోపు ప్యాకెట్ కంటపడాలి, ధర తెలియాలి, డబ్బు చేతులు మారాలి, సరుకు సంచీలో పడాలి. ఎక్కడ ఆలస్యమైనా "తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటాంలే" అంటారు. వాళ్లలో నిజంగా తిరిగొచ్చేవాళ్లు బహు తక్కువ. ఇంట్లో పచ్చళ్లూ పొడులూ చేసి నేరుగా అమ్ముకునేవాళ్లు స్టాల్ ఏర్పాట్లన్నీ ఈ నిమిషంన్నర చుట్టూ చేసుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం.

ముందు ఎక్కడ పెట్టాలో చూద్దాం. హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ 1938లో మొదలైంది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, అంటే 46 రోజులు నడుస్తుంది. పేరు పెద్దదని మొదటిసారే అక్కడ స్టాల్ తీసుకోవద్దు. 46 రోజులు రోజూ సాయంత్రం ఇద్దరు మనుషులు నిలబడాలి, వెనక ఇంట్లో వంట ఆగకూడదు. ముందు మూడు రోజుల అపార్ట్‌మెంట్ సంతలోనో, కల్యాణమండపంలో పెట్టే అమ్మకాల్లోనో చెయ్యి తిప్పుకోండి. తర్వాత డ్వాక్రా బజార్లు, మహిళా సంఘాల సరుకు అమ్మే సరస్ మేళాలు. జాతరల లెక్క పూర్తిగా వేరు. మేడారం జాతరకో కోటప్పకొండ తిరునాళ్లకో వచ్చేవాళ్లు చాలా దూరం నడవాలి, నూనె పచ్చడి మోసుకుని తిరగరు. అక్కడ పోయేవి 100 గ్రాముల పొడులూ, జంతికలూ, చెక్కలూ. ఆవకాయ జాడీలు వేసుకుని జాతరకి వెళ్తే అవి అలాగే వెనక్కి వస్తాయి.

అద్దె కట్టేముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. అంకెలు మీవి మార్చుకోండి, పద్ధతి ఇదే. మూడు రోజులకి స్టాల్ అద్దె 6,000, బండి కిరాయి రానూపోనూ 2,000, ఇద్దరు మనుషులకి రోజుకి 700 చొప్పున 4,200, రుచి చూపడానికి బియ్యం, పచ్చడి, దొన్నెలు 1,800 అనుకుందాం. మొత్తం 14,000. పావుకిలో ప్యాకెట్ 150కి అమ్ముతూ, సరుకు, నూనె, ప్యాకింగ్, కూలి కలిపి 90 అయితే మిగిలేది 60. ఖర్చులు రావడానికే 234 ప్యాకెట్లు పోవాలి, రోజుకి 78. ఎగ్జిబిషన్‌లో జనం సాయంత్రం 5 నుంచి 9 దాకానే చిక్కగా ఉంటారు. ఆ 78లో 60 ఈ నాలుగు గంటల్లోనే పోవాలంటే నాలుగు నిమిషాలకొక ప్యాకెట్. మీ ఇద్దరు మనుషులతో ఆ వేగం కుదురుతుందా అన్నది అద్దె కట్టకముందే తేల్చుకోవాలి.

ఇదే లెక్కలో ఒక ఉచ్చు ఉంది. "మూడు ప్యాకెట్లు 400" అని బోర్డు పెడితే అమ్మకం పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ మూడింటి మీద మిగలాల్సిన 180 కాస్తా 130 అవుతుంది, ప్యాకెట్‌కి 43. అప్పుడు ఖర్చులు రావడానికే 324 ప్యాకెట్లు అమ్మాలి. దానికన్నా మూడు పచ్చళ్లు తీసుకున్నవాళ్లకి 50 గ్రాముల కారప్పొడి చేతిలో పెట్టండి. మీకయ్యే ఖర్చు తక్కువ, పైగా ఇంకో రకం వాళ్లింటికి చేరుతుంది.

రకాలు ఎక్కువ పెడితే అమ్మకం తగ్గుతుంది. ఇరవై సీసాలు వరసగా కనిపిస్తే మనిషి చదవడం మొదలుపెడతాడు, చదువుతూనే ముందుకి నడుస్తాడు. ఐదారు పచ్చళ్లు, మూడు పొడులు చాలు. ఏవి అన్నది నెలని బట్టి. జనవరి స్టాల్‌లో ఉసిరికాయ, పండుమిరపకాయ ముందు వరసలో ఉండాలి, అప్పుడే పెట్టినవి కాబట్టి రంగూ వాసనా నిండుగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో కలిపిన ఆవకాయకి జనవరికి ఎనిమిది నెలలు నిండుతాయి. రంగు ముదురుతుంది, ముక్క మెత్తబడుతుంది. అమ్మకూడదని కాదు, పాత ఆవకాయని ఇష్టపడి వెతికేవాళ్లు ఉన్నారు. అయితే "పోయిన వేసవిది" అని మీరే ముందు చెప్పండి. గోంగూర ఏ నెలలోనైనా కదులుతుంది.

వెల్లుల్లి విషయం మర్చిపోవద్దు. వెల్లుల్లి తినని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. కనీసం ఆవకాయ, గోంగూర, కందిపొడి వెల్లుల్లి లేకుండా విడిగా చేసి, ప్యాకెట్ ముందువైపే "వెల్లుల్లి లేదు" అని పెద్దగా రాయండి. వాటికి చెంచా కూడా వేరే ఉండాలి. ఆ చెంచా ఒక్కసారి వెల్లుల్లి పచ్చడిలో పడితే మీ మాట అబద్ధమైనట్టే.

ఇక ప్యాకింగ్. ఎగ్జిబిషన్‌లో పచ్చళ్లవాళ్లని ముంచేది రుచి కాదు, కారే ప్యాకెట్. కొన్నవాళ్ల సంచీలో పక్క స్టాల్ చీర కూడా ఉంటుంది. దాని మీద ఎర్రనూనె పడితే రుచి సంగతి ఇంకెవరూ మాట్లాడరు.

పౌచ్ కారడానికి ఎక్కువసార్లు కారణం ఒక్కటే, అతుకు వేసేచోట నూనె తడి. సీలర్ వేడికి ప్లాస్టిక్ కరిగి అంటుకోవాలి. మధ్యలో సన్నని నూనె పొర ఉన్నా అంటుకున్నట్టు కనిపిస్తుంది కానీ నొక్కితే విడిపోతుంది. అందుకని పౌచ్‌లోకి పచ్చడి గరిటెతో నేరుగా వెయ్యొద్దు. వెడల్పు మూతి గరాటు లోపలికి దింపి, దాని గుండా వేసి, గరాటుని అంచులకి తగలకుండా పైకి తియ్యాలి. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. అతుకు చోటు లోపలివైపు పొడిగుడ్డతో తుడవాలి, తడిగుడ్డ అసలు వద్దు. తర్వాత అర అంగుళం ఎడంతో రెండు అతుకులు. అతుకు పక్కన ప్లాస్టిక్ ముడతలు పడి తెల్లబడితే వేడి ఎక్కువైంది, గోటితో లాగితే విడిపోతుంటే చాలలేదు.

అతికాక ప్యాకెట్లని పాత న్యూస్‌పేపర్ మీద పడుకోబెట్టి, ఒక్కోదాని మీద రెండు కిలోల బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. ఎక్కడ చిన్న రంధ్రమున్నా పొద్దున్నే కాగితం మీద నూనె మచ్చ చూపిస్తుంది. అలాంటి ప్యాకెట్‌కి మళ్లీ అతుకు వెయ్యడం వృథా, విప్పి కొత్త పౌచ్‌లోకి మార్చాలి.

రెండో ఇబ్బంది ఉబ్బడం. కలిపి నాలుగు రోజులైనా కాని ఆవకాయని ప్యాక్ చేస్తే లోపల పులుస్తూ గాలి పుట్టి పౌచ్ బూరెలా పొంగుతుంది. ఊటంతా దిగి, తిరగకలిపి, నూనె పైకి తేలాకే ప్యాక్ చెయ్యాలి. టమాటా, గోంగూర లాంటి ఉడికించే పచ్చళ్లు గిన్నె అడుగు కూడా పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా మూసినా ఆవిరి చుక్కలు కట్టి, ఆ చుక్క పడ్డచోటే బూజు మొదలవుతుంది. ప్యాక్ చేసినవాటిని స్టాల్‌కి తీసుకెళ్లే ముందు మూడు రోజులు ఇంట్లోనే ఉంచితే ఉబ్బేవి ఇంట్లోనే ఉబ్బుతాయి.

సీసాలకి ఎండ శత్రువు. పడమటి ముఖం స్టాల్ అయితే మూడు గంటలకల్లా ఎండ బల్ల మీదికి వస్తుంది. లోపలి నూనే గాలీ వ్యాకోచించి మూత సందుల్లోంచి నూనె జారి లేబుల్ తడిసిపోతుంది. సీసా పైన వేలెడు ఖాళీ వదలండి, మూత కింద అతికే రేకు వేయించండి, మధ్యాహ్నం పూట ముందువైపు గుడ్డ దింపండి. ప్రదర్శనకి రకానికి ఒక్క గాజు సీసా చాలు, అమ్మే సరుకు వెనక నీడలో ఉండాలి.

అట్టపెట్టెలో ఇరవై పావుకిలో ప్యాకెట్లు నిలువుగా సర్దితే ఐదు కిలోలు, ఆడవాళ్లు కూడా సులువుగా ఎత్తగలిగే బరువు. రకం పేరు పెట్టెకి రెండువైపులా రాయండి. రద్దీలో పెట్టెలు తిప్పి చూస్తుంటే నిమిషంన్నర అక్కడే హరించుకుపోతుంది. రాత్రుళ్లు పెట్టెలు నేల మీద వదలొద్దు. ఎగ్జిబిషన్ మైదానాల్లో ఎలుకలుంటాయి, శీతాకాలం మంచుకి అట్ట మెత్తబడుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ క్రేట్లలో, ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, పైన టార్పాలిన్ కప్పాలి. పొడులకి ఈ జాగ్రత్త మరీ అవసరం, చెమ్మ తగిలిన కందిపొడి ఉండ కట్టిందంటే ఇక ఎవరూ ముట్టరు.

ఇప్పుడు అసలైన చోటుకి వద్దాం: రుచి. ఉత్త పచ్చడి చెంచాతో నాకించకండి. ఉప్పూ కారం నాలుకని కొట్టేస్తాయి, ఆ మనిషి ముఖం చిట్లిస్తే వెనకున్నవాళ్లు కూడా ఆగరు. వేడన్నం ముద్ద, దాని మీద పావు చెంచా పచ్చడి. కిలో బియ్యం వండితే సుమారు రెండున్నర కిలోల అన్నం అవుతుంది. ఒక్కో ముద్ద పది గ్రాములైతే 250, అడుగూ చెదురూ పోను 200 ముద్దలు. నలుగురు రుచి చూస్తే ఒకరు ఒక ప్యాకెట్ కొంటారనుకుంటే రోజుకి 78 ప్యాకెట్లకి 300 పైచిలుకు ముద్దలు, అంటే కిలోన్నర బియ్యం, మనిషికి మూడు గ్రాముల లెక్కన కిలో పచ్చడి. ఇది ఖర్చు కాదు, మీ ప్రకటన ఇదే. దీంట్లో పొదుపు చేసేకంటే ఫ్లెక్సీ ఒకటి మానుకోండి.

అన్నం ఒకేసారి వండొద్దు. నాలుగున్నరకి ఒక వాయి, ఏడింటికి ఒక వాయి, రెండూ హాట్ బాక్స్‌లో. గోరువెచ్చగా గంటలకొద్దీ నిలిచిన అన్నంలో కడుపుని పాడుచేసే క్రిములు పెరుగుతాయి, పైగా చల్లారిన ముద్ద గట్టిపడి పచ్చడి రుచిని పట్టుకోదు. మొదటి వాయి మిగిలితే రెండోదాంట్లో కలపకండి. పచ్చడి కూడా ముందే కలిపి పెట్టొద్దు, మనిషి వచ్చాకే ముద్ద మీద పెట్టాలి. రుచి చూపే జాడీలో తడి చెంచా పడకూడదు. కడిగిన చెంచాలు తుడిచి ఆరాకే వాడాలి, రకానికి నాలుగు చెంచాలు ఉంటే ఇబ్బంది రాదు.

నెయ్యి గురించి మా మాట గట్టిగా చెబుతాం. పచ్చడి ముద్ద మీద నెయ్యి పొయ్యకండి. నెయ్యి కారాన్నీ ఉప్పునీ కప్పేస్తుంది, ఏ పచ్చడైనా బాగానే ఉంటుంది. ఇంటికెళ్లి నెయ్యి లేకుండా తింటే "అక్కడ తిన్నది ఇది కాదు" అనుకుంటారు, మళ్లీ ఫోన్ చెయ్యరు. పొడుల సంగతి వేరు, వాటికి నెయ్యో నువ్వులనూనో ఉండాల్సిందే. చిన్న ఇడ్లీ ముక్క మీద వేసి ఇవ్వండి, పిల్లలు కూడా తింటారు.

ఒకరికి రెండు రకాలు మించి రుచి చూపకండి, అదీ కారం తక్కువ దాంతో మొదలుపెట్టి. మూడో ముద్దకి నాలుక మొద్దుబారుతుంది, ఏది బాగుందో తేల్చుకోలేక అన్నీ వదిలేసి వెళ్తారు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, పక్కనే చెత్తడబ్బా తప్పనిసరి. తిని పడేసిన దొన్నెలు స్టాల్ ముందు కనిపిస్తే కొత్తవాళ్లు దగ్గరికి రారు.

డబ్బు ముట్టుకున్న చెయ్యి అన్నం ముట్టకూడదు. అందుకే ఇద్దరు తప్పనిసరి: ఒకరు రుచి చూపడానికి, ఒకరు ప్యాకెట్, డబ్బు చూడటానికి. సాయంత్రం రద్దీకి మూడోమనిషి ఉంటే ఇంకా మంచిది. రుచిబల్ల స్టాల్ మధ్యలో పెడితే తినేవాళ్లే గోడలా నిలబడి ప్యాకెట్లు కనపడనివ్వరు. జనం ఎటునుంచి వస్తారో ఆ మూలన రుచి, అక్కడ తిన్నాక రెండడుగుల్లో ప్యాకెట్లు, చివర గళ్లాపెట్టె. ఈ వరస కుదిరితే సగం పని అయిపోయినట్టే. పది అడుగుల స్టాల్‌కి ఇది సరిపోతుంది. నిర్వాహకులిచ్చే బల్ల ఎత్తు రెండున్నర అడుగులే ఉంటుంది, వెనక వరసకి ఖాళీ క్రేట్లు బోర్లించి గుడ్డ కప్పి ఎత్తు చేయండి.

బోర్డు మీద సంస్థ పేరు కన్నా వంటకం పేరు పెద్దగా ఉండాలి. "ఉసిరికాయ పచ్చడి, రుచి చూడండి" అన్నది ముప్పై అడుగుల దూరంనుంచి చదవాలంటే అక్షరం మూడంగుళాలైనా ఉండాలి. ధర ప్రతి రకం ముందూ కార్డు మీద రాయండి, అడిగించుకోవద్దు. నీలితెలుపు ఎల్ఈడీ కింద ఎర్రటి పచ్చడి నల్లగా చచ్చినట్టు కనిపిస్తుంది. పసుపు ఛాయ బల్బులు రెండు మీరే తీసుకెళ్లండి.

కరెంటు విషయంలో మొహమాటం లేకుండా అడగండి. స్టాల్‌కి మామూలుగా ఒక చిన్న ప్లగ్ ఇస్తారు. 700 వాట్ల రైస్ కుక్కర్ మూడు ఆంపియర్లు లాగుతుంది. దానికి తోడు 1500 వాట్ల కెటిల్ పెడితే తొమ్మిదిన్నర దాకా వెళ్తుంది. ఐదు ఆంపియర్ల ప్లగ్ దాన్ని మొయ్యదు, తీగ వేడెక్కుతుంది. కుక్కర్ ఒక్కటే పెట్టుకోండి, వేడినీళ్లు ఫ్లాస్క్‌లో తెచ్చుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుని గుడ్డ కింద దాచొద్దు. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు ఒక స్టాల్ నుంచి ఇంకోదానికి ఎంత వేగంగా పాకాయో చూసినవాళ్లు ఈ మాటని తేలిగ్గా తీసుకోరు. గుడ్డలు, అట్టలు, నూనె ఉన్న స్టాల్‌లో చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి. నూనె మంట మీద నీళ్లు పొయ్యకూడదని ఇద్దరికీ తెలిసుండాలి.

మాట. "ఏం కావాలండీ?" అని అడిగితే "ఊరికే చూస్తున్నాం" అన్నదే జవాబు. "అమ్మా, కారం బాగా తింటారా, తగ్గించి తింటారా?" అని అడగండి. ఏది చెప్పినా ముద్ద చేతికివ్వడానికి దారి దొరుకుతుంది. పెద్దాయనైతే "బాబాయ్ గారూ, ఇందులో ఉప్పు తక్కువే, చూడండి" అనండి, నిజంగా తక్కువైతేనే. మునగాకు పొడి తింటే షుగర్ తగ్గుతుంది, మోకాళ్ల నొప్పులు పోతాయి లాంటి మాటలు నోట్లోంచి రాకూడదు. రోగం తగ్గుతుందని చెప్పి తిండి అమ్మడం ఆహార చట్టానికీ విరుద్ధం, నమ్మి మందులు మానేసేవాళ్లకీ ప్రమాదం.

డబ్బు దగ్గర ఆలస్యం ఎక్కువగా నెట్‌వర్క్ వల్ల. జనం నిండిన మైదానంలో ఏడు గంటలకి సిగ్నల్ నీరసిస్తుంది. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. క్యూఆర్ కోడ్ రెండు చోట్ల, తలెత్తితే కనపడే ఎత్తులో ఉంచండి. "వెళ్లిపోయింది" అని వాళ్ల ఫోన్ చూపిస్తే సరిపోదు, అచ్చం అలాంటి తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. స్పీకర్ పెట్టె పలకాలి లేదా మీ ఫోన్‌లో పడాలి. ధరలు పదుల్లో ముగించి, 10, 20, 50 నోట్లు రెండు వేలకి మొదటిరోజే సిద్ధం చేసుకుంటే బోణీ బేరం చిల్లర దగ్గర ఆగదు.

కాగితాలు త్వరగా చెబుతాం. తాత్కాలిక స్టాల్ పెట్టే చిన్నవాళ్లకి కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద వెయ్యాలి, పత్రం స్టాల్‌లో కనపడేలా కట్టాలి. లేబుల్ మీద పదార్థం పేరు, ఎక్కువ నుంచి తక్కువకి దినుసులు, ఆకుపచ్చ చుక్క, నికర బరువు, ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ ఉండాలి. గ్రాము ధర కూడా వెయ్యాలి, 250 గ్రాములు 150 అయితే గ్రాముకి 60 పైసలు. పల్లీపొడి మీద వేరుశనగ ఉందని విడిగా రాయాలి, అది కొందరికి ప్రాణాంతకమైన ఎలర్జీ. విడిగా తూచి అమ్మాలంటే కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. అయితే ఎగ్జిబిషన్‌లో విడి అమ్మకమే వద్దంటాం. ఫ్యాన్ గాలికి కాటా అంకె ఊగుతుంది, దుమ్ము పడుతుంది, తూకానికి రెండు నిమిషాలు పోతాయి. పక్క రాష్ట్రానికి వెళ్తుంటే, ఉదాహరణకి గుంటూరు నుంచి నుమాయిష్‌కి, జీఎస్టీలో క్యాజువల్ ట్యాక్సబుల్ పర్సన్ (వేరే చోట తాత్కాలికంగా అమ్మేవాళ్లు) రిజిస్ట్రేషన్ సంగతి ముందే అకౌంటెంట్‌తో మాట్లాడండి. అక్కడ తక్కువ టర్నోవర్‌వాళ్లకి ఉండే మినహాయింపు పనిచెయ్యదు, దరఖాస్తు కనీసం 5 రోజుల ముందు పెట్టాలి, అంచనా పన్ను ముందుగానే కట్టాలి.

రాత్రి మూసేముందు లెక్క చూడకుండా ఇంటికి వెళ్లొద్దు. పొద్దున్న ఉన్న ప్యాకెట్లలోంచి మిగిలినవి తీసేస్తే పోయినవి. అందులో అమ్మినవి, రుచికి విప్పినవి, కారి పాడైనవి విడివిడిగా రాయాలి. అమ్మినవాటి విలువ, నగదు, యూపీఐ మొత్తం కలవాలి. రకాలవారీగా రాస్తే రెండోరోజు ఏ పెట్టె ముందుకి తేవాలో ఆ పుస్తకమే చెబుతుంది. ఆఖరిరోజు సగం ధరకి అమ్మేయాలన్న తొందర పడకండి. పచ్చడి కూరగాయ కాదు, మూసిన ప్యాకెట్ వచ్చే నెల స్టాల్‌కీ పనికొస్తుంది. మొదటిరోజు పూర్తి ధర పెట్టి కొన్నావిడ ఆ బోర్డు చూస్తే మాత్రం మీ దగ్గర మళ్లీ పూర్తి ధరకి కొనదు. రుచికి తెరిచిన జాడీలు మాత్రం అమ్మకానికి తిరిగి రాకూడదు.

పావుకిలో ప్యాకెట్ అయిపోయాక వచ్చే ఫోన్లే స్టాల్ అసలు రాబడి. ఆ ఫోన్ రావాలంటే ఖాళీ అయ్యేనాటికి కూడా నంబరు చదవగలిగేలా ఉండాలి. బిల్లుల కాగితం లాంటి థర్మల్ స్టిక్కర్‌కి నూనె తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి, నంబరుతో పాటు తేదీ కూడా పోతుంది. ప్రింటింగ్ ప్రెస్‌లో ప్లాస్టిక్ పూత స్టిక్కర్ వేయించి, ప్యాకెట్ వెనక పైభాగాన, కత్తెరతో కోసే గీతకి రెండంగుళాలు కిందగా అంటించండి. కోసినా నంబరు తెగదు, నూనె చేతులు ఎక్కువగా పడేదీ అక్కడ కాదు.